ఏడో నంబరు

నెలీదా బెంతాంకోర్ కంప్యూటర్ల అంగట్లో
ఎనిమిది పెట్టెలు, ఎనిమిది ఫ్యాన్ల రొద.
రైలు రావడం మానేసిన మా ఉరుగ్వే పల్లెలో
అంతకు మించి మోగేది ఇంకేదీ లేదు.
గంటకు ఇరవై పేసోలు.
అరగంటకు పన్నెండు. ఎందుకంటే
సగం కొనేవాడే ఎక్కువ సతాయిస్తాడని ఆమె లెక్క.

నేనక్కడ తీగల కుర్రాణ్ణి.
బల్లల కింద పాకి
ఏ తీగ ఏ పెట్టెదో చీకట్లో తడిమి చెప్పేవాణ్ణి.
ఒకటో నంబరు వేడెక్కేది, చలికాలం దానికే గిరాకీ.
నాలుగోదాన్ని ఎడమ చెంప మీద కొడితే రంగులొచ్చేవి.
ఏడోదాని కీబోర్డులో ఎన్యే మీట ఊడిపోయింది.
"కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఇందులో రాయొద్దు"
అని చీటీ అంటించింది నెలీదా.
తలకట్టు పోయిన ఆ అక్షరంతో
సంవత్సరం కాస్తా ఏమైపోతుందో తెలిసినవాళ్ళు
మానిటర్ చాటున ముఖం దాచుకుని నవ్వేవాళ్ళు.

అప్పట్లో ఇంటర్నెట్టంటే ఒక చోటు.
నడిచి వెళ్ళాలి.
బురద కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుని
గంట కొట్టి, గంట కొనుక్కుని
గోడకు ముఖం పెట్టి కూర్చోవాలి
అల్లరి చేసి దొరికిపోయిన పిల్లల్లా.
ఊరంతా నాకు వీపులుగానే తెలుసు.
గొర్రెల ఉన్ని కత్తిరించే ఒరోస్మాన్ వీపైతే మరీ.
ఒక్క వేలితో, నిండు గంట కొని,
సాల్తోలో ఎవరికో మూడు వాక్యాలు.
ఆ వీపు ఒక్కోసారి
వానలో తడిసిన గుర్రంలా వణికేది.
ఎందుకో నేనడగలేదు. ముందుకు వెళ్ళి చూడ్డానికి
ముందు గోడ ఉంది.

తర్వాత ఒక మార్చిలో, బళ్ళు తెరిచిన వారం,
పిల్లలకు తెలుపూ ఆకుపచ్చా కంప్యూటర్లు పంచారు.
రెండు చెవులు రిక్కించి చూసే కుందేళ్ళలాంటివి.
మైతెనా తనదాన్ని తెచ్చి అంగట్లో పెడితే
నెలీదా చేత్తో తూచింది.
"కోడిపెట్టంత కూడా లేదు. దీని తోకేదీ?"
"తోకుండదు దోన్యా. గాల్లోంచి వస్తుంది."
"గాలి కబుర్లు," అంది నెలీదా,
మాతే గొట్టం నోట్లోంచి తీయకుండానే.

బడికి తాళం వేశారు. బడి గాలికి వేయలేకపోయారు.
అది ప్రహరీ దాటి రోడ్డు దాకా వచ్చేది
వంటింటి వాసనలా.
తొలి రాత్రి ముగ్గురు పిల్లలు.
శుక్రవారానికి తల్లులు, దుప్పట్లు, రెండు కుక్కలు.
పదో రోజున ఒరోస్మాన్, మనవరాలి కంప్యూటర్ మోకాళ్ళ మీద,
ఇటుకలకు వీపు ఆనించి.
వీపు కదా ఇప్పుడు గోడకు.
అలా మొదటిసారి చూశాను
మూడో వాక్యం దగ్గర అతని ముఖం.
నవ్వుతాడు.
ఇన్నేళ్ళూ అది నవ్వే.

అంగట్లో ఎనిమిది ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి.
"ఆపితే చలి," అనేది నెలీదా.
ఆగస్టులో తనే ఆపింది.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
నేను నూటయాభై మీటర్లు లాగాను, ఏదీ కదల్లేదు.
డొంక ఎప్పుడో గాలిలో కలిసిపోయింది.
రాగిని కిలోల్లెక్కన అమ్మేశాం.
బల్లల మీద దుమ్ము అంటని చదరాలు ఎనిమిది
చాలా రోజులు అలాగే మెరిశాయి.

ఒక వాన సాయంత్రం
కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని, బుట్టలో తోర్తా ఫ్రీతాలతో
నెలీదా బడి గోడ దగ్గరికి వచ్చింది.
పిల్లలు చూరు కిందికి జరిగి చోటిచ్చారు.
వేడి వేడివి, ఐదు పేసోలకొకటి. బేరాల్లేవు.
అన్నీ అమ్ముడయ్యాక, నూనె చేతులు కొంగుగుడ్డకు తుడుచుకుని
మైతెనా కంప్యూటర్ అడిగి తీసుకుంది.
తెరను చూడలేదు. మీటలు వెతికింది.
దొరికింది. నొక్కింది.
తలకట్టుతో సహా వచ్చింది అక్షరం.
మళ్ళీ నొక్కింది, మళ్ళీ,
వరుస నిండి కిందికి దిగేదాకా.

అప్పుడు ఉలిక్కిపడి
చేతి గడియారం చూసుకుంది.